రోసమండ్‌ని వదిలి వచ్చిన సరంగు

రోసమండ్ పడవ మునిగిపోయిందని ఊరంతా ఏడ్చి, చర్చిలో ప్రార్థన కూడా చేయించుకున్నాక, అది మునగలేదని కబురు వచ్చింది.

ట్రినిడాడ్ నుంచి తిరిగి వస్తున్న ఒక పడవ వాళ్ళు ఆ కబురు తెచ్చారు. మాకు పడమటగా చాలా దూరాన, టెస్టిగోస్ దీవుల్లో, వెనిజులా జాలర్ల గుడిసెల ముందు ఇసుకలో ఒక పక్కకి ఒరిగి పడి ఉందట. తెరచాప కొయ్య విరిగిపోయిందట. లంగరు, తాళ్ళు, చుక్కాని పిడి జాలర్లు ఊడదీసుకున్నారట. పలకలు కూడా సగం పీకి ఒకడు మేకల దొడ్డి కట్టుకున్నాడట. పేరు చెక్కిన పలక ఆ దొడ్డి తలుపుకి తలకిందులుగా బిగించి ఉందట.

మా ఊరు విండ్‌వర్డ్‌లో మగవాళ్ళు పడవలు కడతారు, లేదంటే నడుపుతారు. రెండూ చేతకానివాళ్ళు పడవల గురించి మాట్లాడతారు. ఆ రోజు మూడు రకాలవాళ్ళూ ఒకటే మాట అన్నారు.

"సరంగు ఉన్నంతసేపూ మునగబోయింది. దిగిపోయాక సుఖంగా ఒడ్డు చేరింది!"

ఆ సరంగు అల్ఫియస్. నా భార్య వెరోనాకి తమ్ముడు. నేను ఆ పడవకి జ్ఞానతండ్రిని.

కొత్త పడవని నీళ్ళలోకి తోసేముందు ఫాదర్ వచ్చి దీవించడం, దాని మీదే పొట్టేలుని కోయడం, చంటిబిడ్డకి బాప్తిస్మంలో నిలబడినట్టు ఒక ఆడమనిషి, ఒక మగమనిషి దానికి జ్ఞానతల్లిదండ్రులుగా నిలబడటం మా కారియకూ దీవిలో ఎప్పటి నుంచో ఉంది. చాలామందికి అది రమ్ము తాగే రోజు. నాకు మాత్రం ఫాదర్ అడిగిన మాటకి ఔనన్నాక ఔననే. ప్రతి ఆదివారం నా పిల్లల పేర్లు చెప్పుకున్నాక రోసమండ్ పేరు కూడా చెప్పుకునేవాణ్ణి. వెరోనా నవ్వేది. "దానికి కూడా అమ్మవారు పోసిందా ఏంటి, అంతసేపు మోకాళ్ళ మీద ఉన్నావు?" అనేది.

రోసమండ్ యజమాని మిస్ ఒట్టిలీ. బియ్యం, సిమెంటు, మేకులు, కిరసనాయిలు అమ్మే కొట్టు ఆమెది. పడవకి వాళ్ళమ్మ పేరు పెట్టుకుంది. దాని కంటే పెద్దది ఇంకొకటి ఇసుక మీద తయారవుతోంది. పలకలన్నీ బిగించేశారు, సందుల్లో పీచు కూరుతున్నారు. అది రోసమండ్‌కి తోడుగా రావాల్సింది. ఇప్పుడు దాని బదులుగా వస్తోంది. దాన్ని ఎవరి చేతికిస్తుందో మిస్ ఒట్టిలీ ఇంకా చెప్పలేదు.

అది అల్ఫియస్‌కి ఇస్తుందా లేదా అన్నదే మా ఇంట్లో పొద్దస్తమానం నడిచే ఆలోచన. వాడికి యాభై దాటాయి. పడవ పోగొట్టుకున్న సరంగుకి ఈ దీవిలో ఇంకో యజమాని పిలిచి పడవ ఇవ్వడు. ఇది దక్కితే సరంగు, లేకపోతే ఇంకొకడి కింద తాళ్ళు లాగే మనిషి.

వాడు మాత్రం మా వరండాలో కూర్చుని చేపల బుట్ట అల్లుకుంటున్నాడు.

"నోరు లేదా నీకు?" అన్నాను. "పంపు పూడుకుపోయిందని చెప్పు. టైటస్ చెయ్యి నలిగిందని చెప్పు. తాడు వేసి లాగమంటే మిమ్మల్ని ఎక్కించుకున్న పెద్ద ఓడ వాళ్ళు ఒప్పుకోలేదని చెప్పు."

"వాళ్ళు అడిగేది అది కాదు బావా."

"మరేంటి అడిగేది?"

"వదిలేశావా లేదా అని. వదిలేశాను." వెదురు బద్ద పళ్ళతో పట్టుకుని ముడి బిగించాడు. "ఇంకేం చెప్పను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు చెప్పకపోయినా, పడవలో వాడి కింద పనిచేసే టైటస్ అప్పటికే మా వంటింట్లో కూర్చుని జరిగినదంతా వెరోనాకి చెప్పాడు. సిమెంటు తేవడానికి వాళ్ళిద్దరూ, ఇంకో పనివాడూ ఖాళీ పడవతో ట్రినిడాడ్ వెళ్తున్నారు. గ్రెనడా దాటాక ఆకాశం ఒక్కసారిగా నల్లబడి పెనుగాలి పట్టుకుంది. పడవ ఒరిగింది. ఒరగ్గానే నిలకడ కోసం అడుగున వేసిన రాళ్ళన్నీ ఒకే పక్కకి జారాయి. ఇక అది లేవలేదు. నీళ్ళు లోపలికి వచ్చేశాయి. అల్ఫియస్ తెరచాప తాడు కోసి చాప కింద పడేశాడు. ముగ్గురూ మెడ లోతు నీళ్ళలో నిలబడి చేతికందిన రాళ్ళని సముద్రంలోకి విసిరారు. అప్పుడే ఒక బండరాయి టైటస్ చేతిని నలిపేసింది. పడవ సగం లేచింది కానీ పంపు పని చెయ్యలేదు. చీకటి పడేలోగా ఒక పెద్ద చమురు ఓడ కనిపించింది. ఎక్కారు.

ఇందులో తప్పు ఎక్కడుందో నాకు తెలియలేదు. కొట్టులో చెప్పాను, బావి దగ్గర చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను. అందరూ తల ఊపారు. ఊపి, "అయినా పడవ మునగలేదుగా!" అన్నారు.

లారిమర్ అయితే తల కూడా ఊపలేదు. కొత్త పడవ మీద ఆశ పెట్టుకున్న రెండో సరంగు లారిమర్. రమ్ము కొట్టు ముందు బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మంచుముక్క వేస్తే తేలకుండా మునిగిపోయే మా నాటు రమ్ము చేతిలో ఉంది.

"రా సిమియన్, కూచో. మీ బావమరిదికి ఈత నేర్పుతున్నావంట కదా?"

"నువ్వు యూనియన్ దీవి దగ్గర పట్టపగలు పడవని రాతి దిబ్బ మీదకి ఎక్కించావు," అన్నాను. "ఇంకోసారి చుక్కాని పట్టుకునే నిద్రపోయి గ్రెనడా దాటిపోయావు. ఆ కథ నువ్వే నవ్వుతూ చెప్తావు. నిన్ను ఎవరూ ఏమీ అనరేంటి?"

"అన్నారుగా. అదృష్టవంతుడు అన్నారు." గ్లాసు కింద పెట్టాడు. "నిజమే, చాలాసార్లు గుద్దాను. కానీ ప్రతిసారీ పడవని ఇంటికి తెచ్చాను. నీళ్ళు ఈ గడ్డం దాకా వస్తే గానీ నేను దిగను. అదీ సరంగు అంటే."

"మరి టైటస్ చెయ్యి?"

"టైటస్ చెయ్యి అతుక్కుంటుంది. రోసమండ్ అతుక్కోదు."

కొట్టులో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేను బయటికి వచ్చేశాను. నడుస్తుంటే ఆ మాటకి జవాబు దొరికింది, కానీ వెనక్కి వెళ్ళి చెప్పడానికి సిగ్గేసింది. ఇప్పటికీ నాకు అర్థం కాని విషయం ఒకటుంది. పనిమంతుణ్ణి ఇంటికి వచ్చినదాన్ని బట్టి కొలుస్తారా, చేసినదాన్ని బట్టి కొలుస్తారా? చేతకాకుండా నడిపి గాలి దయ వల్ల ఒడ్డెక్కినవాణ్ణి దేవుడు ఏ పేరుతో పిలుస్తాడు?

ఆ సాయంత్రం మిస్ ఒట్టిలీ కొట్టుకి వెళ్ళాను. బియ్యం బస్తా మీద కూర్చుని కందికాయలు ఒలుస్తోంది.

"మా అమ్మ కల్లోకి వచ్చింది సిమియన్," అంది, నేను నోరు తెరవకముందే. "తెల్ల బట్టలు కట్టుకుంది. మొక్కజొన్న పొత్తు కాల్చి పెట్టమంది. పెడుతున్నా, ఆదివారం."

"పడవ గురించి ఏమన్నా అందా?"

"ఒక్క ముక్క అనలేదు. తన పేరు మేకల దొడ్డికి తగిలించారు, అయినా అనలేదు."

"మీరు అడగాల్సింది కదా, ఎవరికివ్వమంటావని?"

"చచ్చిపోయినవాళ్ళని ఎదురు ప్రశ్నలు వెయ్యకూడదు," అంది గట్టిగా. తర్వాత కాస్త మెత్తబడింది. "నాకు అల్ఫియస్ మీద కోపం లేదయ్యా. కానీ ఊరు నవ్వుతోంది. నవ్వులపాలైన పడవకి ఎవరు సరుకిస్తారు? ఆదివారం చర్చిలో పూజయ్యాక ఇసుక మీదకి రండి అందరూ. జ్ఞానతండ్రివి, నువ్వే ముందు మాట్లాడు. నీ మాట విని చెప్తా."

నా మాట విని చెప్తానన్నది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను వారమంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. తోట తవ్వుతూ కూడా చెప్పుకున్నాను. వెరోనా చూసి, "కందిమొక్కలకి బాగానే నచ్చచెప్తున్నావు," అంది.

ఆదివారం కొత్త పడవ నీడలో ఊరు సగం పోగయింది. మిస్ ఒట్టిలీ చర్చి టోపీ తియ్యకుండా ఒక దుంగ మీద కూర్చుంది. ఫాదర్ ఉండలేదు, ఇంకో ఊళ్ళో పూజ ఉందని వెళ్ళిపోయాడు. అల్ఫియస్ అందరికీ వెనకాల, పడవకి ఆనించిన దన్ను కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

నేను బాగానే మాట్లాడాను. అందులో గొప్ప లేదు, వారమంతా కందిమొక్కల ముందు చెప్పినదే కదా.

"రోసమండ్ మునగలేదు అంటున్నారు. ఎందుకు మునగలేదు? ఆ రాళ్ళు లోపలే ఉంటే నేరుగా అడుక్కి పోయేది. వాటిని విసిరించింది ఎవరు? చాప కోసి దింపింది ఎవరు? అది టెస్టిగోస్ దాకా తేలిందంటే అల్ఫియస్ చేసిన పని వల్లే తేలింది. పడవ బతికిందని వీణ్ణి తిడుతున్నారు, బతికించింది వీడే!"

"అబ్బో, ప్లీడరు దొరికాడు!" అన్నాడు లారిమర్. కానీ ఈసారి ఎక్కువ మంది నవ్వలేదు.

టైటస్ ముందుకొచ్చాడు. చెయ్యి ఇంకా గుడ్డతో మెడకి కట్టే ఉంది. "నేను ఆ ఓడ ఎక్కలేకపోతుంటే మా సరంగు నా నడుముకి తాడు కట్టి తన నడుముకి కట్టుకున్నాడు. తాళ్ళ నిచ్చెన ఊగుతుంటే నన్ను తోసుకుంటూ ఎక్కించాడు. నన్ను పైన పడేసి మళ్ళీ పడవలోకి దిగాడు. ఎందుకో తెలుసా? లాంతరు వెలిగించి కొయ్యకి కట్టడానికి. చీకట్లో ఇంకే పడవైనా వచ్చి దాన్ని గుద్దుకుంటుందని."

మిస్ ఒట్టిలీ తల పైకెత్తింది. "లాంతరు సంగతి నాకెవరూ చెప్పలేదే."

"మీరు అడగలేదు," అన్నాడు టైటస్.

ముసలి వడ్రంగులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మునిగే పడవ మీదకి తిరిగి వెళ్ళి దీపం పెట్టాడంటే ఆ మాటకి మా ఊళ్ళో బరువు ఉంటుంది. నా గుండె తేలికైంది. దేవుడా, ఇక చాలు, ఇక్కడితో ముగించు అనుకున్నాను.

అప్పుడు అల్ఫియస్ మాట్లాడాడు. ఇన్ని వారాల్లో ఊరి ముందు మొదటిసారి.

"వదిలేసినందుకు నాకేం బాధ లేదు మిస్ ఒట్టిలీ. మళ్ళీ అలా జరిగితే మళ్ళీ దిగుతా. తప్పు అక్కడ లేదు. రాళ్ళు జారకూడదు. జారాయంటే వాటి మీద పరిచిన అడుగు పలకలకి మేకులు లేవు."

మేకులు అనగానే వడ్రంగులు తలలు దించుకున్నారు.

ఆగస్టులో పడవ పందేలు వస్తే మా ఊళ్ళో ప్రతి పడవకీ అడుగు పలకలు విప్పేస్తారు. పడవ ఏ పక్కకి ఒరిగితే రాళ్ళని దానికి ఎదురు పక్కకి చేతులతో మార్చుకుంటూ పోతే వేగం పెరుగుతుంది. పందెం అయ్యాక పలకలు మళ్ళీ పరిచి మేకులు కొట్టాలి. కానీ వచ్చే ఆదివారం పక్క దీవిలో ఇంకో పందెం ఉంటుంది, మళ్ళీ విప్పాలి. అందుకని నెలంతా పలకలు ఊరికే పరిచి ఉంచుతారు. మధ్యలో సరుకు కోసం వెళ్ళినా అలాగే వెళ్తారు. మా తాతలు ఏం చేశారో తెలియదు కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అందరూ చేసేది ఇదే. రోసమండ్ ఆ ప్రయాణానికి ముందు వారమే గెలిచింది. గెలిచినందుకు కోసిన పొట్టేలు మాంసం నేనూ తిన్నాను.

"మేకులు కొడతామంటే మిస్ ఒట్టిలీయే కదా సిమెంటు..." అని టైటస్ మొదలుపెట్టాడు.

"టైటస్." అల్ఫియస్ గొంతు పెంచలేదు. "సిమెంటు తొందరగా తెమ్మనడం ఆమె పని. పలకలు బిగించకుండా లంగరు ఎత్తను అనడం నా పని. నేను అనలేదు."

మిస్ ఒట్టిలీ మొహం ఎర్రబడింది. టోపీ సర్దుకుంది.

లారిమర్ లేచాడు. "ఏం మాట్లాడుతున్నావురా అల్ఫియస్? ఆగస్టులో మేకులు ఎవడు కొడతాడు? ఇక్కడున్నవాళ్ళలో ఎవడన్నా కొట్టాడా?" చుట్టూ చూశాడు. అందరూ ఇసుక వైపు చూస్తున్నారు. "నేను ప్రతి ఏడూ అలాగే పోయొస్తున్నా. నాకేమైంది?"

"ఏమీ కాలేదు."

"మరి?"

"నేనూ అలాగే అనుకున్నా."

అంతదాకా వాడి వైపు మొగ్గిన మొహాలన్నీ మూసుకుపోవడం నా కళ్ళతో చూశాను. పిరికివాడు అని ఒకణ్ణి తిట్టుకోవడం సుఖంగా ఉంటుంది. వీరుడు అని పొగడటమూ సుఖమే. అందరూ చేసే పనే తప్పు అంటే ఎవరు వింటారు? ఒక ముసలి వడ్రంగి, పోయిన నెల మేకులు లేని పలకలతోనే కొడుకుని ట్రినిడాడ్ పంపినవాడు, "ఇప్పుడెందుకులే ఆ గొడవంతా," అని గొణిగాడు.

మిస్ ఒట్టిలీ అడిగింది. "సరే. ఈ కొత్తది నీకిస్తే ఏం చేస్తావు? పందెం వేస్తావా, వెయ్యవా?"

"వేస్తా. గెలవడానికే వేస్తా. కానీ పందేలు అయిపోయి, పలకలు నా చేత్తో బిగించేదాకా అది రేవు దాటదు."

"నెలంతానా? కొట్లో బియ్యం అయిపోతే?"

"ఆగాలి."

"జనం అడిగితే?"

"వాళ్ళూ ఆగాలి మిస్ ఒట్టిలీ."

నేను వాడి వైపు చూస్తూ కళ్ళతోనే బతిమాలాను. చూస్తాం అను, ఆలోచిద్దాం అను, ముందు పడవ చేతికి రానీ! వాడు నన్ను చూశాడు కూడా. చూసి తల అడ్డంగా ఊపాడు.

మిస్ ఒట్టిలీ అటు తిరిగింది. "లారిమర్, నువ్వో?"

"మీరు పొమ్మన్న రోజు పోతా," అన్నాడు లారిమర్.

ఎవరో నవ్వారు. నవ్వుతో పాటే విషయం తేలిపోయింది. మిస్ ఒట్టిలీ లేచి గౌను మీది ఇసుక దులుపుకుని, పడవ లారిమర్‌దని చెప్పింది. వెళ్ళబోతూ నా దగ్గర ఆగింది. "దీనికి కూడా జ్ఞానతండ్రిగా నువ్వే నిలబడాలి సిమియన్. నీలా ప్రార్థన చేసేవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు."

ఇంటికి వచ్చేదాకా నేను అల్ఫియస్‌తో మాట్లాడలేదు. వెరోనా మొక్కజొన్న సంకటి, కందుల పులుసు, ఎండు చేప వడ్డించింది. వాడు రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. ఆ తిండి చూస్తుంటే నాకు ఇంకా కోపం వచ్చింది.

"నీ చేతిలో పెట్టబోతుంటే తోసేశావు," అన్నాను. "నేను వారమంతా గొంతు చించుకున్నాను."

"బాగా చెప్పావు బావా. నిజంగా. నాకే నేను మంచివాణ్ణేమో అనిపించింది."

"వెటకారమా?"

"కాదు." చేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "నువ్వు చెప్పినదంతా నిజమే. కానీ అది మునిగేటప్పుడు చేసిన పని. అందులో నేను గట్టివాణ్ణే. మునగకుండా చెయ్యాల్సిన పని ఒకటుంది, అది ఇక్కడ ఒడ్డున, సుత్తితో చెయ్యాల్సింది. దాని గురించి చెప్పకుండా పడవ పుచ్చుకుంటే టైటస్ చెయ్యి చూసినప్పుడల్లా నేనేమనుకోవాలి?"

"ఇప్పుడేం చేస్తావు మరి?"

"లారిమర్ మనుషుల కోసం చూస్తున్నాడు. అడుగుతా."

వెరోనా చేతిలో గరిటె ఆగిపోయింది. "వాడి కిందా?"

"వాడికి గాలి బాగా తెలుసక్కా. నిద్రపోకుండా ఎవడన్నా పక్కనుండాలంతే."

నాకు నవ్వు రాలేదు. ముగ్గురు మనుషులు ప్రాణాలతో ఇల్లు చేరారని దేవుడికి దండం పెట్టాను, అది నా మనసులో నిజమే. కానీ నా ప్రార్థన విని వాళ్ళని కాపాడినవాడు ఆ నాలుగు మేకుల సంగతి మాకు ముందే ఎందుకు తట్టించలేదు? తట్టించాడేమో, మేమే పొట్టేలు మాంసం తింటూ వినలేదేమో. నాకు తెలియదు. ఫాదర్‌ని అడిగితే ఓపిక పట్టమంటాడు. ఆ ఓపికే నా దగ్గర లేదు.

"మరి నువ్వు నిలబడతావా ఆ పడవకి?" అని వెరోనా అడిగింది.

"నిలబడను. ఇంకొకణ్ణి చూసుకోమను."

"నిలబడు బావా," అన్నాడు అల్ఫియస్. "పడవేం చేసింది పాపం?"

నా పళ్ళెంలో సంకటి చల్లారి గట్టిపడింది.

"నిలబడతా," అన్నాను చివరికి. "కానీ ఫాదర్ నన్ను అడగాల్సినవి అడిగాక, నేను లారిమర్‌ని ఒకటి అడుగుతా. అందరి ముందూ. పలకలు బిగించకుండా రేవు దాటనని మాట ఇస్తావా అని. ఇచ్చాకే పొట్టేలుని కొయ్యనిస్తా."

వెరోనా నోటి మీద చెయ్యి వేసుకుంది. "పండగ రోజున, అంతమంది ముందా? ఊరంతా నవ్వుతారు."

"నవ్వనీ."

"వాడు ఇవ్వనంటే?"

"అప్పుడు పొట్టేలు బతుకుతుంది," అన్నాను.

అల్ఫియస్ తన పళ్ళెంలో మిగిలిన చేపముక్క తీసి నా పళ్ళెంలో వేశాడు. నేను తిన్నాను. ఆ మాట అడగాలనుకుంటున్నది పడవ మీద ప్రేమతోనా, లారిమర్ మీద కోపంతోనా అన్నది నాకే సరిగ్గా తెలియడం లేదు. ఏదైనా సరే, అడగాల్సిందే.